తక్కెడ ముల్లు ఏం చెబుతుంది?

తక్కెడ చూడని ఆడమనిషి ఉండదు. కూరగాయల బండి మీద తక్కెడ ఉంటుంది. రేషన్ షాపులో ఉంటుంది. పత్తి అమ్మినా, చింతపండు అమ్మినా, పాత ఇనుము అమ్మినా తక్కెడ ఎక్కించాల్సిందే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను కూడా తక్కెడలో పడుకోబెట్టి బరువు చూస్తారు.

వస్తువు ఒక్కటే. పేర్లు మాత్రం చాలా ఉన్నాయి. కొందరు తక్కెడ అంటారు. కొందరు త్రాసు అంటారు. తెలంగాణ పల్లెల్లో తరాజు అంటారు. బజారులో అందరి నోటా కాటా అనే మాటే వినిపిస్తుంది. హిందీలో కాంటా అంటే ముల్లు. తక్కెడ నడుమ నిలబడే ముల్లు పేరే మొత్తం తక్కెడకు వచ్చేసింది. చేసే పనికి కూడా ఒక్కో చోట ఒక్కో మాట. ఒక చోట తూచడం, ఒక చోట తూకం వేయడం. తెలంగాణలో అయితే జోకడం. "రెండు కిలోల ఉల్లిగడ్డ జోకు" అంటే నవ్వులాట కాదు, తూచి ఇవ్వమని అర్థం.

లారీని సరుకుతో సహా తూచే పెద్ద కాటా ఉంది. దాన్ని చాలా చోట్ల ధర్మకాటా అంటారు. పేరులో ధర్మం ఉంది. తూకంలో ఉందో లేదో చేతికిచ్చిన చీటీ చదివితేనే తెలుస్తుంది.

మొగ్గు అంటే ఏమిటి?

పాతకాలపు తక్కెడను ఒకసారి బాగా చూడండి. పైన ఒక అడ్డ కడ్డీ ఉంటుంది. దాని పేరు దండి. దండికి రెండు చివర్లా రెండు పళ్లేలు గొలుసులతో వేలాడుతుంటాయి. దండి నడిమధ్యన ముల్లు ఉంటుంది.

ఒక పళ్లెంలో రాళ్లు వేస్తారు. వీటిని పడికట్టు రాళ్లు అంటారు. ఇప్పుడవి ఇనుముతో చేసినవి. అయినా పేరు మాత్రం రాళ్లే. పూర్వం నిజంగా రాళ్లే వాడేవారు. సింధు నది ఒడ్డున మొహెంజొదారో అనే పాత పట్నాన్ని తవ్వినప్పుడు చక్కగా చెక్కిన తూకపు రాళ్లు దొరికాయి. వాటి వయసు నాలుగు వేల ఏళ్లకు పైనే.

రెండో పళ్లెంలో సరుకు వేస్తారు. రెండు వైపులా బరువు సమానమైతే ముల్లు నిటారుగా నిలబడుతుంది. సరుకు కాస్త ఎక్కువైతే ఆ పళ్లెం కిందికి వంగుతుంది. ఆ వంగడాన్నే మొగ్గు అంటారు.

సంతలో ఈ మాటలు రోజూ వినేవే.

"అవ్వా, ఇంకో రెండు వంకాయలు వెయ్యవే."

"వేశాను కదా తల్లీ. ముల్లు చూడు, ఎంత మొగ్గుందో!"

ఈ మొగ్గు తక్కెడ దిగి మన మాటల్లోకి నడిచి వచ్చింది. "అత్తమ్మ ఎప్పుడూ చిన్న కోడలి వైపే మొగ్గు చూపుతుంది" అంటాం. అంటే ఆమె మనసు ఆ పక్కకు వంగిందని అర్థం. ఇద్దరూ ఒకరికొకరు తగినవారైతే సరితూగారు అంటాం. తొందరపడకుండా మాట్లాడే మనిషిని ఆచితూచి మాట్లాడుతుంది అంటాం. ఒక మాటకు కట్టుబడని పదిమంది చేరితే, అది కప్పల తక్కెడ. కప్పలను తూచాలని పళ్లెంలో వేస్తే ఏమవుతుంది? ఒకటి వేసేలోగా ఇంకొకటి దూకిపోతుంది. తూకం ఎప్పటికీ కుదరదు. పొదుపు సంఘం సమావేశాలు చూసినవాళ్లకు ఈ సామెత వేరే చెప్పక్కర్లేదు.

పుస్తకాల్లో తక్కెడకు తుల అని పేరు. ఇది సంస్కృతం మాట. తుల రాశికి గుర్తు తక్కెడ బొమ్మే. సిరిసంపదలు నిండుగా ఉంటే తులతూగడం. అంగన్‌వాడీలో చెప్పే సమతుల ఆహారంలో ఉన్నది కూడా ఈ తులే. అన్నం ఒక్కటే ఎక్కువై పప్పు, ఆకుకూర, గుడ్డు తక్కువైతే ఒక పళ్లెం వంగినట్టే.

శ్రీకృష్ణ తులాభారం కథ అందరికీ తెలుసు. సత్యభామ నగలన్నీ తెచ్చి పోసినా తక్కెడ కదలలేదు. రుక్మిణి ఒక్క తులసి దళం వేస్తే తూగింది. మేడారం జాతరలో ఈనాటికీ తులాభారం చూడొచ్చు. ఈ జాతర రెండేళ్లకోసారి వస్తుంది. సమ్మక్క, సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు. నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుకుంటారు. తక్కెడలో ఒక వైపు మనిషి కూర్చుంటారు. రెండో వైపు ఆ మనిషి బరువుకు సరిపడా బెల్లం పెడతారు.

సేరు ఒకటే, బరువు వేరు

ఇప్పుడు కిలో అంటే దేశమంతా ఒకటే. పూర్వం అలా కాదు. తులం, పలం, సేరు, వీశె, మణుగు ఉండేవి. పాత మద్రాసు లెక్క ప్రకారం 3 తులాలు ఒక పలం. 8 పలాలు ఒక సేరు. 5 సేర్లు ఒక వీశె. 8 వీశెలు ఒక మణుగు. అంటే వీశె మన కిలోన్నరకు కొంచెం తక్కువ. మణుగు సుమారు 11 కిలోలు.

చిక్కు ఎక్కడుందంటే, సేరు అన్ని చోట్లా ఒకటి కాదు. మద్రాసు లెక్కలో సేరు 24 తులాలు. అంటే సుమారు 280 గ్రాములు. ఉత్తర దేశంలో సేరు 80 తులాలు. అది 930 గ్రాముల పైమాటే. పేరు ఒకటే అయినా బరువు మూడింతలు. ఇలాంటి చోట చదువు రాని మనిషిని మోసం చేయడానికి దొంగ తక్కెడ కూడా అక్కర్లేదు. పేరు చాలు.

ఈ గందరగోళం పోవాలని 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 నుంచి కిలో రాళ్లు బజారులోకి వచ్చాయి. కొన్నేళ్లలో పాత రాళ్లు పోయి కిలో, గ్రాములే మిగిలాయి. 1956లోనే గిరిజన సహకార సంస్థ విశాఖపట్నంలో మొదలైంది. అడవిలో చింతపండు, కుంకుడుకాయలు, జిగురు ఏరి తెచ్చిన గిరిజనులు సంతలో వ్యాపారి తూకానికి నష్టపోయేవారు. ఆ సరుకును సరైన తూకంతో, సరైన ధరకు కొనడం ఈ సంస్థ పని.

పాత మాటల్లో తులం ఒక్కటి గట్టిగా నిలిచింది. బంగారం మాట వస్తే అందరూ తులాల్లోనే చెబుతారు. అసలు తులం 11 గ్రాముల 66 పాళ్లు, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు ఎక్కువ నగల దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములే. "రెండు తులాల గొలుసు" అన్నప్పుడు తేడా మూడు గ్రాముల పైన వస్తుంది. కొన్నా, కుదువ పెట్టినా చీటీ మీద గ్రాముల్లో రాయించుకోవాలి. రాళ్ల నగ అయితే రాళ్ల బరువు వేరుగా, బంగారం బరువు వేరుగా రాయించాలి. లేకపోతే గాజు రాయికి బంగారం ధర కట్టినట్టే. పూర్వం కంసాలి గురిగింజలతో బంగారం తూచేవాడు. గురిగింజలన్నీ ఇంచుమించు ఒకే బరువు ఉంటాయి కనుక.

దండి కొట్టడం

తూకంలో మోసం చేయడాన్ని దండి కొట్టడం అంటారు. దండితో మోసం ఎలా చేస్తారు? కావడి తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది.

కావడి మోసే మనిషి రెండు బిందెలూ సమానంగా ఉంటే బద్దను నడిమధ్యన భుజం మీద పెట్టుకుంటాడు. ఒక వైపు బరువు ఎక్కువైతే ఏం చేస్తాడు? బరువున్న వైపుకు భుజాన్ని జరుపుకుంటాడు. అప్పుడు బరువు బిందె, తేలిక బిందె రెండూ సరితూగుతాయి. చూసేవాళ్లకు కావడి సమంగానే కనిపిస్తుంది.

తక్కెడ దండి కూడా అంతే. నడుమ కొక్కెం కాస్త పక్కకు జరిగితే దండి ఒక వైపు పొట్టి, ఒక వైపు పొడుగు అవుతుంది. ఒక వైపు 20 సెంటీమీటర్లు, రెండో వైపు 19 సెంటీమీటర్లు ఉందనుకోండి. కంటికి తేడా తెలియదు. ఖాళీ పళ్లేలు కూడా సమంగా నిలబడేలా చేస్తారు. పొడుగు వైపు సరుకు వేస్తే 950 గ్రాముల సరుకే కిలో రాయితో సరితూగుతుంది. కిలోకు 50 గ్రాములు పోయింది. 20 కిలోలు కొంటే ఒక కిలో పోయినట్టే.

అదే దండితో వ్యాపారి సరుకు కొనేటప్పుడు పళ్లెం మారుస్తాడు. పొట్టి వైపు సరుకు వేయిస్తాడు. అప్పుడు కిలో రాయికి సరితూగాలంటే 1,050 గ్రాములకు కాస్త పైనే పోయాలి. కొన్నా లాభం, అమ్మినా లాభం. సంతలో చింతపండు అమ్మే మనిషికి, పప్పు కొనే మనిషికి ఇద్దరికీ ఒకే తక్కెడ దెబ్బ.

దీనికి విరుగుడు చాలా సులువు. తూచిన తర్వాత పళ్లేలు మార్చమని అడగాలి. సరుకున్న చోట రాళ్లు, రాళ్లున్న చోట సరుకు. మంచి తక్కెడ అయితే ముల్లు మళ్లీ నిటారుగా నిలుస్తుంది. దొంగ తక్కెడ అయితే ఒక వైపు పడిపోతుంది.

"ఏందమ్మా, నా మీద నమ్మకం లేదా?" అని వ్యాపారి అడగొచ్చు.

"నీ మీద ఉందన్నా. దండి మీదే లేదు" అంటే సరిపోతుంది.

పళ్లెం అడుగున కూడా చూడాలి. సరుకు వేసే పళ్లెం కింద మైనమో, చింతపండు ముద్దో అంటిస్తారు. అందుకే తూచకముందు ఖాళీ తక్కెడను ఎత్తి చూపమనాలి. రాయిని తిరగేసి చూడాలి. ఇనప రాయి అడుగున చిన్న గుంట, అందులో సీసం ఉంటుంది. సీసం మీద సర్కారు ముద్ర ఉంటుంది. గుంట ఖాళీగా ఉంటే ఆ రాయి బరువు తగ్గినట్టే. రాయికి బదులు ఇటుక ముక్క, బోల్టులు వేసి తూచడం చట్టానికి విరుద్ధం.

అంకెలు చూపే కాటా

ఇప్పుడు చాలా చోట్ల కరెంటుతో, బ్యాటరీతో నడిచే కాటాలు వచ్చాయి. దండి లేదు, ముల్లు లేదు. అంకెలు మాత్రం ఎర్రగానో పచ్చగానో వెలుగుతాయి. వీటిలో మోసం ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ముల్లు పోయింది కాబట్టి అంకె చదవడం ఇంకా ముఖ్యమైంది.

సరుకు పెట్టకముందు కాటా మీద 0.000 ఉండాలి. ముందే 0.050 ఉంటే 50 గ్రాములు కాటా తినేసింది. చుక్కకు ముందున్న అంకె కిలోలు. చుక్క తర్వాత ఉన్న మూడు అంకెలు గ్రాములు. 1.250 అంటే కిలో 250 గ్రాములు. 0.750 అంటే ముప్పావు కిలో. ఇక్కడ ఒక చోట జాగ్రత్త. 1.500 అంటే కిలోన్నర. 1.050 అంటే కిలో 50 గ్రాములే. రెండింటిలోనూ ఒకటి, అయిదు, సున్నాలే. సున్నా ఎక్కడుందో చూడకపోతే దాదాపు అర కిలో డబ్బు ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

గిన్నెలో, డబ్బాలో తూస్తే వాటి బరువు తీసేయాలి. ఖాళీ గిన్నె పెట్టి ఒక మీట నొక్కితే కాటా మళ్లీ సున్నాకు వస్తుంది. మిఠాయి కొట్లో అట్టపెట్టెతో సహా తూస్తారు. మిఠాయి ధరకు అట్ట కొన్నట్టవుతుంది. పెట్టె బరువు తీసి తూచమని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది.

కాటా మీద అనుమానం వస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. విప్పని కిలో ఉప్పు ప్యాకెట్‌ను దాని మీద పెట్టాలి. కిలోకు కవరు బరువు కొన్ని గ్రాములు కలిపి చూపించాలి. 1.080, 1.100 చూపిస్తే కాటా అబద్ధం చెబుతోంది.

ఇంటికొచ్చే గ్యాస్ బండకు కూడా తూకం ఉంది. ఇంటి వాడకం బండలో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. బండ పైభాగంలో ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది. అక్కడ 15.3 అని ఉంటే, నిండు బండ 15.3, 14.2 కలిపి 29.5 కిలోలు తూగాలి. బండ తెచ్చిన అబ్బాయి అడిగితే తూచి చూపాలి. రెండు అంకెలు కూడటం వస్తే చాలు.

వడ్ల దగ్గర ఇంకో మాట వినిపిస్తుంది. అదే తరుగు. తాలు ఉంది, మట్టి ఉంది, తేమ ఉంది అంటూ బస్తాకు ఇంత అని కోస్తారు. తేమ ఎంత ఉండొచ్చో లెక్క ఉంది. సర్కారు కొనే వడ్లలో 17 శాతం దాకా తేమ ఉండొచ్చు. తేమ చూసే చిన్న మిషన్ అంకె చూపిస్తుంది. ఆ అంకెను రైతు కూడా చూడాలి. గోనె సంచి బరువు అర కిలోకు కాస్త పైన ఉంటుంది. సంచికి కిలో తీస్తే ఎందుకని అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రాలున్నాయి. అక్కడ కాటా దగ్గర నిలబడేది ఆడవాళ్లే, తూకం పుస్తకంలో రాసేది ఆడవాళ్లే. తాతల కాలంలో కళ్లంలో కొలత మగవాళ్ల చేతిలో ఉండేది. ఆడవాళ్లు చెరిగి, తూర్పారబట్టి పక్కకు జరగాల్సిందే. ఆ లెక్కన ఇది చిన్న మార్పు కాదు.

తూకాలను తనిఖీ చేసే ఆఫీసు ఒకటి ఉంది. దాని పేరు తూనికలు కొలతల శాఖ. ఇనప రాళ్లకు, దండి తక్కెడలకు రెండేళ్లకోసారి, అంకెల కాటాకు ఏడాదికోసారి ఈ శాఖ ముద్ర వేయించాలి. ముద్ర వేసిన కాగితం కొట్లో కనబడేలా ఉండాలి. ఇప్పుడున్న చట్టం 2009లో వచ్చింది. తూకంలో మోసం జరిగితే ఆ ఆఫీసుకు చెప్పొచ్చు. లేదా 1915 అనే నెంబరుకు ఫోన్ చేయొచ్చు. ఇది వినియోగదారుల ఫోన్ నెంబరు. ఫోన్ చేసేటప్పుడు కొట్టు పేరు, తేదీ, కొన్న రశీదు దగ్గర ఉంటే మంచిది.

బిడ్డ తూకం

సరుకు తూకం తప్పితే డబ్బు పోతుంది. బిడ్డ తూకం చూడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. "బిడ్డను తూస్తే దిష్టి తగులుతుంది" అని కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఆ భయంతో అంగన్‌వాడీకి పంపరు. బిడ్డ చిక్కిపోతున్న సంగతి కంటికి కనిపించేసరికి ఆలస్యం అవుతుంది. తక్కెడకు ముందే తెలుస్తుంది.

పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలు, ఆపైన ఉండాలి. అంతకన్నా తక్కువైతే ప్రత్యేకంగా చూసుకోవాలి. వెచ్చగా ఉంచాలి, తల్లిపాలు ఎక్కువసార్లు పట్టాలి, నర్సమ్మ చెప్పినప్పుడల్లా చూపించాలి. మొదటి వారంలో బిడ్డ బరువు కొంచెం తగ్గుతుంది. దానికి కంగారు పడక్కర్లేదు. తర్వాత పెరగడం మొదలవుతుంది. అయిదు నెలలకు పుట్టినప్పటి బరువుకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అవుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ అయిదు నెలలకు ఆరు కిలోలు, మొదటి పుట్టినరోజుకు తొమ్మిది కిలోలు ఉంటే బాగా పెరుగుతున్నట్టు.

అంగన్‌వాడీలో నెలనెలా బిడ్డను తూచి కార్డు మీద చుక్క పెడతారు. చుక్కలు కలిపితే గీత వస్తుంది. గీత పైకి పోతుంటే మంచిది. అడ్డంగా పోతే బిడ్డ బరువు పెరగలేదు. కిందికి దిగితే బరువు తగ్గింది. పచ్చరంగు పట్టీలో ఉన్న చుక్క పసుపు పట్టీలోకి జారితే, ఆ నెలలోనే డాక్టరుకు చూపించాలి. జ్వరమో, విరేచనాలో, తిండి చాలకపోవడమో ఏదో ఒక కారణం ఉంటుంది.

బిడ్డను తూచేటప్పుడు కూడా కాటా ముందు సున్నా దగ్గర ఉండాలి. స్వెట్టరు, బరువైన మొలతాడు, కాలి కడియాలు తీసేయాలి. తూచిన వెంటనే అంకె ఎంతో తల్లి చదవాలి. కార్డు మీద అదే అంకె రాశారో లేదో చూసుకోవాలి. పోయిన నెల అంకె దాని పక్కనే ఉంటుంది.